గడప దాటిన కుక్క

ఆసుపత్రి 102 బండి వాకిట్లో ఆగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. జనగామలో కాన్పయిన నాలుగో రోజు. ముందు మా చెల్లె దిగింది, సంకలో బట్టల సంచి. వెనక మేనకోడలు, ఆమె ఒళ్ళో తువ్వాల్లో చుట్టిన రెండు కిలోల ఎనిమిది వందల గ్రాముల పసిగుడ్డు. దిష్టి తీయడానికి మా చెల్లె అత్తగారు ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఆమె వెనక, గడప మీద ముందరి కాళ్ళు రెండూ పెట్టి, తోకతో తలుపు రెక్కను టపటపా కొడుతూ, ముప్పై రెండు కిలోల షేరు.

షేరు లాబ్రడార్. పేరుకే సింహం, పిల్లి ఎదురొస్తే పక్కకు తప్పుకుంటుంది. నర్మెట్టలో మా బావకు కొంత పత్తి, కొంత వరి. దేవాదుల నీళ్ళు బొమ్మకూరు రిజర్వాయరుకు వచ్చాక బాయికాడ పని పెరిగింది. మోటారుకూ తీగలకూ కాపలా ఉంటుందని నెలన్నర పిల్లను తెచ్చాడు. రెండేళ్ళలో అది బాయికాడి నుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి అరుగు మీదికి, ఒక వానాకాలం రాత్రి అరుగు మీది నుంచి హాల్లోకి వచ్చింది. ఇప్పుడు కూలరు ముందు చల్లటి టైల్స్ మీద చోటు దానిదే. దొంగలు వస్తే దాన్ని లేపి చూపించాలి.

గడప దగ్గరే చర్చ మొదలైంది. పక్కింటామె, "వాసన సూడనియ్యున్రి అక్కా, మనింటోళ్ళే అని దానికి తెలుస్తది" అంది. మా బావ, "ఏమనదు తియ్యి, ఈగను గూడ అనదు అది" అన్నాడు. ముసలామె పళ్ళెం దించకుండానే చెప్పింది: "కొడుకా, గా కుక్కను అవుతల కట్టెయ్. కడప లోపటికి రానియ్యకు. అది మంచిదో చెడ్డదో నేనడుగుతలేను."

అందరూ నావైపు చూశారు. సైన్సు పుస్తకాలు రాసేవాణ్ని, ఏదో ఒకటి తేలుస్తానని. నేను పక్కింటామె పక్షం పట్టాను. కుక్క చెవులు నిమిరి, పొత్తిళ్ళ దాకా దాని ముక్కును నేనే తీసుకెళ్ళాను. ఆ రోజు ఏమీ కాలేదు. అయినా నేను చేసింది తప్పు. ఎందుకు తప్పో, ముసలామె చివరి మాటలో ఎంత విషయం ఉందో చెప్పడానికే ఈ అధ్యాయం.

* * *

మనకు కంటితో తెల్లవారితే కుక్కకు ముక్కుతో తెల్లవారుతుంది. మన ముక్కులో వాసన పట్టే కణాలు యాభై అరవై లక్షలైతే, కుక్క ముక్కులో జాతిని బట్టి ఇరవై నుంచి ముప్పై కోట్ల దాకా ఉంటాయి. లోపలికి పీల్చిన గాలి దాని ముక్కులో రెండు పాయలవుతుంది. ఒకటి ఊపిరితిత్తులకు, ఇంకొకటి నేరుగా వాసన పట్టే పొరల మడతల్లోకి. వదిలే గాలి ముక్కు పక్క చీలికల్లోంచి పోతుంది కాబట్టి ముందు నుంచి వచ్చే కొత్త వాసన చెదిరిపోదు. ఇంటి ముందు ఎవరి చెప్పులున్నాయో మనం చూసి తెలుసుకున్నట్టే, గంట క్రితం ఎవరొచ్చి పోయారో అది పీల్చి తెలుసుకుంటుంది.

ఆ మధ్యాహ్నం షేరుకు అందిన వార్త ఏమిటో ఊహించండి. చిన్నప్పటి నుంచి దానికి అన్నం పెట్టిన పిల్ల నెలల తర్వాత తల్లిగారింటికి వచ్చింది, అయితే ఆ పిల్ల వాసన మారిపోయింది. చనుబాలు, కాన్పు నెత్తురు, ఆసుపత్రి మందునీళ్ళు, ఎత్తుకున్న పదిమంది చేతులు. వీటన్నిటి నడుమ మునుపెన్నడూ ఎరగని ఒక చిన్న వెచ్చటి వాసన, అదీ కదులుతోంది. "మనింటోళ్ళే" అని ఆ వాసనలో ఎక్కడా రాసి ఉండదు. అదేమిటో ఇంకా తెలియదన్న సంగతి మాత్రమే ఉంటుంది.

పాప ఇంటికి రాకముందే ఒంటిమీద వాడిన బట్ట ఒకటి తెచ్చి కుక్కకు వాసన చూపమని కుక్కల సంగతి తెలిసినవాళ్ళు చెబుతారు. మంచి సలహానే. కానీ దాని వల్ల కుక్కకు పాప మీద ప్రేమ పుడుతుందనుకుంటే పొరపాటు. కొత్తదనం కాస్త తగ్గుతుంది, అంతే. అది కూడా చిన్న పని కాదు. కొత్త వాసన తెలిసిన చోట, తెలిసిన వేళ, ఎవరూ హడావుడి పడకుండా ఎదురైతే కుక్క దాన్ని ఇంటి సామాన్లలో ఒకటిగా లెక్క వేసుకుంటుంది. నేను చేసినట్టు పదిమంది మధ్య, ఊపిరాడని ఉత్సాహంలో, ముక్కును పసిగుడ్డు ముఖానికి ఆనిస్తే జరిగేది ఇందుకు పూర్తిగా తలకిందులు.

వాసన తర్వాత ఏడుపు. పసిపాప ఏడుపు సెకనుకు నాలుగైదు వందల కంపనాలతో మొదలై ఇంకా పైకి పోతుంది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో 2014లో ఒక ప్రయోగం చేశారు. కుక్కలకూ మనుషులకూ పసిపిల్లల ఏడుపు, పసిపిల్లల కేరింత, అర్థంలేని రేడియో హోరు విడివిడిగా వినిపించి, ముందూ వెనకా కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కొలిచారు. రెండు జీవుల్లోనూ అది పెరిగింది ఏడుపుకే. అంటే పాప ఏడ్చినప్పుడల్లా ఇంట్లో గాభరాపడేది తల్లి ఒక్కతే కాదు, కూలరు ముందు పడుకున్నది కూడా. కాకపోతే తల్లికి ఏం చేయాలో తెలుసు. కుక్కకు తెలియదు. లేస్తుంది, తిరుగుతుంది, రొప్పుతుంది, ఏడుపు వచ్చే చోటికి పోయి నిలబడుతుంది. మనం "అబ్బ, ఎంత ప్రేమ" అని ఫోన్‌లో వీడియో తీస్తాం.

"ఈర్ష్య పడుతుందా?" అని అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అదే 2014లో 36 కుక్కల్ని పరీక్షించారు. యజమాని ఒకసారి మొరిగే బొమ్మకుక్కను, ఒకసారి ప్లాస్టిక్ గుమ్మడికాయ బకెట్టును ముద్దు చేశాడు, ఇంకోసారి పిల్లల పుస్తకం పైకి చదివాడు. బొమ్మకుక్కను ముద్దు చేసినప్పుడే కుక్కలు ఎక్కువగా మధ్యలో దూరి, యజమానిని మూతితో నెట్టాయి. దాన్ని ఈర్ష్య అనొచ్చా లేదా అని పండితులు ఇంకా తగువులాడుకుంటున్నారు. నన్నడిగితే ఆ తగువుతో మన ఇంటికి పనిలేదు. కుక్కకు అసలు తగిలే దెబ్బ వేరే ఉంది. పొద్దున ఆరింటికి బాయికాడికి తీసుకుపోయేవాళ్ళు ఇప్పుడు తీసుకుపోరు. అన్నం వేళ తప్పింది. హాల్లోకి పోతే అదిలింపు. అది మేనకోడలు ఒళ్ళోని పసిదాని మీద పగబట్టలేదు. దాని దినచర్య కూలిపోయింది. ముప్పై రెండు కిలోల ఒంట్లో ఖర్చుకాని ఓపిక పొద్దుగూకేదాకా మిగిలిపోతే అది ఎక్కడో ఒకచోట బయటపడాలి కదా.

* * *

మనందరికీ చిన్నప్పుడే తెలిసిన కథ ఒకటుంది, పంచతంత్రంలోని అపరీక్షితకారకం అనే భాగంలో. తల్లి నీళ్ళకు పోయింది, తండ్రి కూడా బయటికి పోయాడు, ఊయలలో బిడ్డ, పక్కన పెంపుడు ముంగిస. పాము వచ్చింది, ముంగిస చంపింది. నెత్తుటి మూతితో ఎదురొచ్చిన ముంగిసను తల్లి కడవతో కొట్టి చంపింది, తర్వాత లోపలికి పోయి చూసి గుండెలు బాదుకుంది. ఈ కథ దేశాలు తిరిగింది. వేల్స్‌లో ముంగిస గెలర్ట్ అనే వేటకుక్క అయింది, పాము తోడేలయింది. ఫ్రాన్స్‌లో లియోన్ దగ్గరి పల్లెల్లో ఆ కుక్క పేరు గినెఫోర్. అన్యాయంగా చచ్చిపోయిందని జనం దాన్ని పుణ్యాత్ముణ్ని చేసి, జబ్బుపడ్డ పసిపిల్లల్ని దాని సమాధి దగ్గరికి మోసుకుపోయేవారు. 13వ శతాబ్దంలో అక్కడికి పోయిన ఎతియెన్ ద బూర్బోన్ అనే మతగురువు ఇది చూసి మండిపడి, ఆ చోటును నాశనం చేయించి, ఆ సంగతంతా రాసిపెట్టాడు.

కథ చెప్పే నీతి తొందరపడొద్దని. నాకు మాత్రం ఎప్పుడూ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ముంగిసను నమ్మి ఇద్దరూ బయటికెలా పోయారు? పాము రాకపోతే? ఆకలేసి, లేదా ఊయల ఊగుతుంటే ఆటనుకుని, ముంగిసే ఊయలెక్కితే? కథలో జంతువు మంచితనం తేలింది, సరే. ఇంట్లో ఆ పరీక్ష పెట్టాల్సిన అవసరమేముంది?

2024 మేలో వికారాబాద్ జిల్లా తాండూరులో ఐదు నెలల పసివాడు ఇంట్లో పడుకుని ఉండగా కుక్క దాడిలో చనిపోయాడు. ఆ నిమిషంలో పక్కన పెద్దవాళ్ళెవరూ లేరు. (2023లో అంబర్‌పేటలో, కాజీపేటలో పిల్లల్ని పొట్టన పెట్టుకున్నవి గుంపుకట్టిన ఊరకుక్కలు. గుంపు లెక్క వేరు, దాన్ని ఇందులో కలపను.) అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యులు పిల్లల్ని కరిచిన కుక్కల కేసులు విడదీసి చూసి 2007లో ప్రచురించారు. ఆరేళ్ళలోపు పిల్లలు ఎక్కువగా కరిపించుకున్నది తమకు తెలిసిన కుక్కల చేతనే, అదీ అన్నం గిన్నె, ఎముక, బొమ్మ లాంటి దాని సొత్తు దగ్గర. ఆ కుక్కల్లో ఎక్కువ భాగం అంతకుముందు ఏ పిల్లల్నీ కరవనివి. "మా కుక్క ఎవరినీ కరవలేదు" అన్న మాట నిన్నటి వరకు నిజం. రేపటి గురించి అది ఏమీ చెప్పదు.

జాతుల పట్టీ కూడా అంతే. 2024 మార్చిలో కేంద్రం పిట్‌బుల్, రాట్‌వైలర్ వగైరా 23 జాతుల్ని అమ్మొద్దు, పెంచొద్దు అని రాష్ట్రాలకు లేఖ పంపింది. ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ పట్టీలో లాబ్రడార్ లేదు. మా బావ దాన్ని చూపించి ధైర్యం తెచ్చుకున్నాడు. పసిగుడ్డు విషయంలో మాత్రం జాతి కన్నా తూకం పెద్ద మాట. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే. మాడు మీది ఎముకలు ఇంకా అతుక్కోలేదు, ఆ మెత్తటి చోటు పూడడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. మెడ నిలవడానికే మూడు నాలుగు నెలలు. పక్కకు తిరిగి తప్పుకోలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అలాంటిదాని మీద ముప్పై రెండు కిలోల ప్రేమ ఒక కాలు వేసినా చాలు.

* * *

పదకొండో రోజు జరిగిందిది. పొద్దున పది గంటలు. పాపకు నూనె పెట్టి, స్నానం చేయించి, సాంబ్రాణి పొగ వేసి, హాల్లో బొంత మీద పడుకోబెట్టారు. మేనకోడలు ఆ బొంత అంచునే కూర్చుని తిన్నది. బాలెంత అన్నం, కారప్పొడి, మీద చేతినిండా నెయ్యి. తిన్న కంచం తీసుకుని వంటింట్లోకి పోయింది. మా చెల్లె దండెం మీద బట్టలు ఆరేస్తోంది. ముసలామె కునుకు తీస్తోంది. నేను కుర్చీలో కూర్చుని ఫోన్ చూస్తున్నాను. హాల్లో మనిషి ఉన్నాడనే అందరి ధీమా, ఆ మనిషిని నేను.

షేరు లేచింది. పాప వైపు చూడను కూడా చూడలేదు. బొంత మూలన నెయ్యి మరక పడ్డ చోటును నాకింది. నాకుడుతో తీరలేదు. ఆ మూలను పళ్ళతో పట్టుకుని, తనకు ఇష్టమైన కూలరు ముందు చోటుకు వెనక్కి నడుచుకుంటూ లాగింది. బొంతతో పాటు పాప కూడా జానెడు జరిగింది. తల బొంత మీది నుంచి టైల్స్ వైపు వాలుతుండగా నేను చూశాను.

నేను అరిచిన అరుపుకు షేరు బొంత వదిలేసి తోక ముడుచుకుని అరుగు మీదికి పోయింది. పాప నిద్ర లేవను కూడా లేవలేదు. వంటింట్లోంచి వచ్చిన మేనకోడలు "ఏమైంది మామా?" అంటే నాకు వెంటనే మాట రాలేదు.

ఇందులో కోపం లేదు, ఈర్ష్య లేదు, వేట లేదు. ఆ కుక్కకు కావలసింది నెయ్యి. పాప ఆ నెయ్యి మరక పక్కన ఉంది, అంతే. ముసలామె అడగనన్న ప్రశ్న, అంటే కుక్క మంచిదా చెడ్డదా అన్నది, అక్కడికక్కడే పనికిరాకుండా పోయింది. మంచి కుక్కే ఆ పని చేసింది.

ఆ సాయంత్రం నేను టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచాను. షేరు భుజం నేల నుంచి ఇరవై రెండు అంగుళాలు. చీరతో కట్టిన తొట్టెల అడుగు నేల నుంచి పద్దెనిమిది అంగుళాలు. అంటే ఆ తొట్టెల ఊగుతూ పోతే సరిగ్గా దాని మూతికి తగులుతుంది. ఊగే బట్ట, లోపలి నుంచి కీచుమనే చప్పుడు. కుక్కతో గుడ్డ లాగుడు ఆట ఆడిన ఎవరికైనా అర్థమవుతుంది. తొట్టెలను ఇంకా పైకి కడదామన్నాడు మా బావ. అలా కడితే కుక్క నుంచి దూరం, పడితే దెబ్బ ఎక్కువ. చివరికి కొక్కెం లోపలి గదికి మారింది, ఆ గదికి తలుపుంది. ఆసుపత్రిలో ఇచ్చిన కిట్‌లోని దోమతెర పక్క కూడా అక్కడికే పోయింది. దోమతెర దోమలను ఆపుతుంది, కుక్కను కాదని వేరే చెప్పాలా?

* * *

కుక్కా మనిషీ కలిసి బతకడం కొత్తగా వచ్చిన ఫ్యాషనేమీ కాదు. జర్మనీలో బాన్ దగ్గర ఓబర్‌కాసెల్‌లో 1914లో రాతి గనిలో ఒక సమాధి బయటపడింది. ఒక పురుషుడు, ఒక స్త్రీ, వాళ్ళతో పాటు ఏడు నెలల కుక్కపిల్ల. సుమారు పద్నాలుగు వేల ఏళ్ళ నాటిది. దాని పళ్ళను పరీక్షిస్తే కుక్కలకు వచ్చే డిస్టెంపర్ జబ్బు గుర్తులు దొరికాయి. ఆ జబ్బు పడ్డ పిల్ల, మనిషి నీళ్ళు తాగించి, వెచ్చగా ఉంచకపోతే అన్ని వారాలు బతకదు. ఏ పనికీ రాని జబ్బు కుక్కపిల్లను సాకిన మనుషులు వాళ్ళు. మన దేశంలో కశ్మీర్‌లోని బుర్జహోమ్‌లో కొత్తరాతియుగం నాటి మనిషి పక్కన కుక్కను పూడ్చిన గుంటలు దొరికాయి.

నర్మెట్ట చుట్టుపక్కల కుక్క అంటే మొదట మంద కుక్క. కురుమలు, గొల్లలు గొర్ల మందల్ని పొలాల్లో ఆపితే రాత్రి కాపలా దానిదే. పక్కనే ఉన్న కొమురవెల్లి మల్లన్న వాళ్ళ దేవుడు. ఒగ్గు కథలో వినిపించే ఆ మల్లన్ననే మహారాష్ట్రలో ఖండోబా అని కొలుస్తారు, ఖండోబా పటాల్లో గుర్రంతో పాటు కుక్క కూడా ఉంటుంది. ఈ జిల్లాలోనే పాలకుర్తికి చెందిన సోమనాథుడైతే బసవపురాణంలో ఒక భక్తుడి కుక్క చేత వేదమే చదివించాడు. ఇంత గౌరవం ఇచ్చి కూడా జనం కుక్కను గడప లోపలికి మాత్రం రానివ్వలేదు. ముద్ద గడప దగ్గర పెట్టారు. పడక అరుగు కింద.

మైల అన్నారు, అంటు అన్నారు, కారణాలు ఏవేవో చెప్పారు. అందులో కొన్ని నాకు నచ్చవు. మనుషులనే గడప బయట నిలబెట్టిన ఊళ్ళు మనవి, కాబట్టి గడప గొప్పతనం గురించి పాడటానికి నాకు నోరు రాదు. కానీ పసిగుడ్డు విషయంలో ఆ ఏర్పాటు చేసిన పని మాత్రం గట్టి పని. ఇరవై ఒకటో రోజు తొట్టెల వేసేదాకా బాలెంతా బిడ్డా లోపలి గదిలో, కుక్క బయట. ఎవరూ కుక్క గుణాన్ని పరీక్షించాల్సిన పనిలేదు, ఎవరూ ఇరవై నాలుగు గంటలూ కళ్ళు విప్పుకుని కూర్చోవాల్సిన పనిలేదు. జాగ్రత్త మనిషి తలలో కాకుండా ఇంటి గోడలో ఉండేది. ఇప్పుడు పెంకుటిల్లు పోయి స్లాబ్ ఇల్లు వచ్చింది. అరుగు కుదించుకుపోయింది, హాలు పెద్దదైంది, కుక్క కూడా పెద్దదై లోపలికి వచ్చింది. గోడ చేసే పని మన తల మీద పడింది. నా తల ఆ పొద్దున ఫోన్‌లో ఉంది.

* * *

కరవడం, తొక్కడం ఒక ఎత్తు, నాకడం ఇంకో ఎత్తు. పక్కింటామె మళ్ళీ ఒకసారి, "ముద్దు పెడుతది, పెట్టనియ్యున్రి" అంది. అప్పటికి పాప బొడ్డు ఊడి రెండు రోజులైంది, పుండు ఇంకా పూర్తిగా ఆరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రేబిస్ లెక్కల్లో గాయపడ్డ చర్మం మీద, నోరు, కళ్ళ లాంటి తడి పొరల మీద కుక్క నాకుడు పడితే అది మూడో తరగతి ప్రమాదం, లోతైన కాటుతో సమానం. టీకా వేయించిన ఇంటి కుక్క విషయంలో భయం చాలా తక్కువే. అయినా షేరు బాయికాడ ఏ కుక్కతో కొట్లాడి వచ్చిందో ఎవరు చూశారు?

ప్రపంచంలో రేబిస్ వల్ల ఏటా సుమారు 59 వేల మంది చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో ఏటా 5,700 పైచిలుకు అని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) శాస్త్రవేత్తలు 2025లో లెక్క కట్టారు. లక్షణాలు కనపడ్డాక మందు లేనట్టే, ముందైతే టీకాతో నూటికి నూరుపాళ్ళు ఆపొచ్చు. 1885 జులై 6న లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కు మొదటి టీకా వేసిన రోజునే ఇప్పుడు ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినంగా జరుపుతారు, పశువుల ఆసుపత్రుల్లో ఆ రోజు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల భయం మా తరానికి ఇంకా పోలేదు. అది గొర్రె మెదడు నుంచి తీసిన పాత టీకా, దాన్ని మన దేశంలో 2005 నాటికే ఆపేశారు. ఇప్పుడు చర్మంలోకి నాలుగు విడతలు, 0, 3, 7, 28 రోజుల్లో. పసిపిల్లలకూ బాలెంతలకూ వేయొచ్చు. మూడో తరగతి గాయమైతే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే సూదిమందు కూడా వేయాలి. దవాఖానకు పోయేలోపు గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ళతో పావుగంట కడగాలి. కారం, సున్నం, పసుపు అద్దడం మన ఊళ్ళలో ఇంకా పోలేదు. వైరస్‌కు కారం మంట తెలియదు, బిడ్డకు తెలుస్తుంది.

గొర్లున్న ఊళ్ళకు ఇంకో సంగతి. బోనాలప్పుడు, జాతరప్పుడు యాట కోస్తే పనికిరాని ఊపిరితిత్తులు, కాలేయం ముక్కలు కుక్కకు వేస్తారు. గొర్రె లోపలి నీటితిత్తిలో ఉండే ఎకినోకాకస్ అనే బద్దెపురుగు పిల్లలు అలా కుక్క పేగులకు చేరతాయి. వాటి గుడ్లు కుక్క మలంతో బయటపడి, వెంట్రుకలకు అంటి, మనిషి నోటికి వస్తే ఆ నీటితిత్తులే మన కాలేయంలో పెరుగుతాయి. ఏళ్ళ తరబడి తెలియదు. పచ్చి తునకలు వేయకపోతే ఈ చక్రం అక్కడే తెగిపోతుంది. కుక్కకు వేళకు నట్టల మందు వేస్తే దానితో పాటు టాక్సోకారా అనే ఏలికపాము పీడ కూడా తగ్గుతుంది. నేలమీద పాకి చేతులు నోట్లో పెట్టుకునే వయసుకు ఇది పెద్ద మాట. (గర్భిణులను భయపెట్టే టాక్సోప్లాస్మా పిల్లుల ద్వారా వచ్చేది. కుక్క మీద ఆ నింద వేయకండి.)

అలాగని కుక్కను ఊరు దాటించమని నేను అనడం లేదు. అటువైపు లెక్క కూడా చెప్పాలి. 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని డెట్రాయిట్ దగ్గర పుట్టినప్పటి నుంచి గమనించిన పిల్లల్లో, మొదటి ఏడాది ఇంట్లో రెండో అంతకన్నా ఎక్కువో కుక్కలు, పిల్లులు ఉన్నవాళ్ళకు ఆరేడేళ్ళ వయసులో ఎలర్జీ సూచనలు తక్కువ కనిపించాయి. ఫిన్లాండ్‌లో 397 మంది పసిపిల్లల్ని ఏడాది పాటు వారం వారం గమనించి 2012లో ప్రచురించిన లెక్కల్లో, కుక్కలున్న ఇళ్ళ పిల్లలకు దగ్గు, జలుబు, చెవిపోటు తక్కువ వచ్చాయి. స్వీడన్ 2015లో జనన రికార్డులను కుక్కల రిజిస్టర్‌తో కలిపి చూసింది. మొదటి ఏడాది కుక్క ఉన్న ఇంట్లో పెరిగిన పిల్లలకు బడి ఈడులో ఉబ్బసం ముప్పు 13 శాతం తక్కువ. కుక్క కాళ్ళకు అంటుకుని వచ్చే మట్టీ సూక్ష్మజీవులూ పసి రోగనిరోధక వ్యవస్థకు చిన్నప్పుడే పాఠం చెబుతాయని ఒక వివరణ. అయితే అవన్నీ తలుపులు మూసుకుని బతికే చలిదేశాల పిల్లల లెక్కలు. నర్మెట్టలో దుమ్ముకూ పేడకూ కరువు లేదు, ఆ పాఠం కోసం కుక్కే కావాలని లేదు.

* * *

నిజానికి మొదటి నెలలు తేలికైన కాలం. బిడ్డ ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. ఏడెనిమిది నెలలకు పాకడం మొదలవుతుంది, అప్పుడు కుక్క దగ్గరికి బిడ్డే పోతుంది. గిన్నెలో చెయ్యి పెడుతుంది, నిద్రపోయేదాని చెవి పట్టుకుని లేచి నిలబడుతుంది. ఇంగ్లండ్‌లో లింకన్ విశ్వవిద్యాలయంలో కెర్‌స్టిన్ మైంట్స్ బృందం చిన్నపిల్లలకు కుక్కల ముఖాలు చూపించి అడిగితే, పళ్ళు బయటపెట్టి గుర్రుమంటున్న కుక్కను చూసి చాలామంది నవ్వుతోందన్నారు. ముద్దు పెట్టడానికి ముందుకు పోయేది ఆ ముఖం దగ్గరికే.

గుర్రుమనడానికి చాలా ముందే కుక్క చెబుతుంది. నిద్ర రాకున్నా ఆవలిస్తుంది. తిండి లేకున్నా మూతి నాక్కుంటుంది. తల అటు తిప్పి, కంటి తెల్లగుడ్డు మూల నుంచి కనిపించేలా ఇటు చూస్తుంది. లేచి పక్కకు పోతుంది. పోవడానికి దారి లేకపోతే కొయ్యబారుతుంది. అప్పుడు గుర్రు. గుర్రుమన్నందుకు కొట్టే ఇళ్ళు చాలా చూశాను. కొడితే గుర్రు పోతుంది, దాని వెనకున్న ఇబ్బంది పోదు. తర్వాత ఏ చప్పుడూ లేకుండా కరుస్తుంది, అందరూ "చెప్పకుండా కరిచింది" అంటారు.

మా బావకు ఇదంతా ఉపన్యాసంలా ఉండేది. కానీ ఆయన చేయాల్సింది చేశాడు. పొద్దున షేరును మళ్ళీ బాయికాడికి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. గంట సేపు అది పత్తి సాళ్ళలో ఉరికి, తొట్టిలో మునిగి, నాలుక వేలాడేసుకుని వచ్చేది. అన్నం గిన్నె అరుగు మీదికి మారింది. జనగామ వెల్డింగు షాపులో రెండున్నర అడుగుల ఎత్తు ఇనుప జాలి తలుపు చేయించి హాలుకూ లోపలి గదికీ మధ్య బిగించాడు. సందులు పాప తల పట్టనంత ఇరుకుగా ఉండాలని నేను టేపు పట్టుకుని పోయి మరీ చెప్పాను. ముసలామె దాన్ని జాలి అనదు, తలుపు అనదు. "కడప ఏసిండు నా కొడుకు" అంటుంది.

మొన్న సంక్రాంతికి పోతే పాపకు తొమ్మిది నెలలు. జాలి దగ్గరికి పాక్కుంటూ పోయి, రెండు చేతులతో కమ్ములు పట్టుకుని, వణుకుతున్న కాళ్ళ మీద మొదటిసారి లేచి నిలబడింది. అటువైపు షేరు పడుకుని ఉంది. ఇద్దరి ముఖాల మధ్య జానెడు. పాప సంతోషం పట్టలేక కీచుమని అరిచి జాలిని ఊపింది. ఇల్లంతా చప్పట్లు. షేరు మూతి నాక్కుంది. తల పక్కకు తిప్పి పెద్దగా ఆవలించింది.

"నిద్దరొస్తున్నట్టుంది పాపం" అంది పక్కింటామె.

మా మేనకోడలు నావైపు కూడా చూడలేదు. చప్పట్లు కొడుతున్నదల్లా లేచిపోయి, కమ్ముల మీది నుంచి పాప వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి సంకనేసుకుంది.